క్రిస్మస్ దగ్గర మొదలైన వాదన ప్రభువు బల్ల (కలిసి రొట్టె విరిచే ఆరాధన) దాకా వచ్చింది. విశ్వాసుల మధ్య ఇలాంటప్పుడు ఏం చేయాలి?

అంజూరపు_నీడ

అందరికీ ప్రభువు పేరిట వందనాలు. మా బైబిల్ స్టడీ గ్రూపు బాధ్యత నామీద ఉంది. కొన్నేళ్లుగా కలిసి వాక్యం చదువుతున్నవాళ్లం, ఒకరి కష్టంలో ఒకరం నిలబడినవాళ్లం. ఇప్పుడు ఆ గ్రూపు రెండు ముక్కలయ్యేలా ఉంది, అందుకే మీ సలహా అడుగుతున్నాను.

విషయం క్రిస్మస్. మాలో ఒక బ్రదర్ చాలాకాలం చదివి, ప్రార్థించి, క్రిస్మస్ చేయకూడదనే నిర్ణయానికి వచ్చారు. యేసు పుట్టిన తేదీ బైబిల్లో లేదు, ఆ రోజును ఆచరించమన్న ఆజ్ఞా లేదు, దేవుడు చెప్పనిదాన్ని ఆరాధనలోకి తేకూడదు అన్నది ఆయన మాట. ఇంకో బ్రదర్ ప్రతి ఏటా క్రిస్మస్ ఆరాధన ఏర్పాట్లన్నీ భుజాన వేసుకునే మనిషి. వాక్యం శరీరధారి అయిన సంగతిని ఏడాదిలో ఒక రోజు అందరం కూడి తలుచుకుంటే తప్పేముంది అంటారు.

ఇంతవరకు ఫర్వాలేదు. మొన్న వాట్సాప్ గ్రూపులో మొదటాయన, "లేఖనంలో లేనిదాన్ని ఆరాధన అని పిలిచేవాళ్లతో కలిసి రొట్టె విరవడానికి నా మనస్సాక్షి ఒప్పుకోదు" అని రాశారు. క్షణాల్లో రెండో ఆయన, "కృప చాలదనుకునేవాళ్లు మళ్లీ ధర్మశాస్త్రం కిందకి పోవచ్చు, ఆపేవాళ్లెవరూ లేరు" అని జవాబిచ్చారు. ఇక వచనాల మీద వచనాలు. అర్ధరాత్రి దాటినా ఆగలేదు. తెల్లారి చూస్తే ఒక సిస్టర్ ఎవరికీ ఏమీ చెప్పకుండా గ్రూపులోంచి వెళ్లిపోయారు.

ఇద్దరూ నాకు కావలసినవాళ్లే. ఇద్దరికీ ప్రభువంటే ప్రాణం. ఎవరిది కరెక్టో నేను తేల్చాలా? ఈ టాపిక్ ఎత్తొద్దని రూల్ పెట్టాలా? ఓటింగ్ పెట్టమని ఒకరు అన్నారు, అది మాత్రం నాకు మనస్కరించలేదు.

బెరయ_పాఠకుడు

బ్రదర్, ఓటింగ్ వద్దనుకోవడం మంచి పని. ఓడినవాళ్ల మనస్సాక్షి ఓట్ల లెక్క చూసి మారదు.

మీ పరిస్థితికి రోమా 14 కంటే దగ్గరగా ఉన్న అధ్యాయం లేదు. పౌలు ఆ ఉత్తరం రాసిన రోమా సంఘంలో గొడవ రెండిటి మీద: ఏం తినాలి, ఏ రోజును పాటించాలి. ఈ ఉత్తరానికి కొన్నేళ్ల ముందు క్లౌదియ చక్రవర్తి యూదుల్ని రోమా నుంచి వెళ్లగొట్టాడు (అపొస్తలుల కార్యములు 18:2). తర్వాత వాళ్లు తిరిగొచ్చేసరికి సంఘంలో అన్యజనుల నుంచి వచ్చిన విశ్వాసులే ఎక్కువగా ఉండి ఉంటారని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. అంటే ఒకే దేవుణ్ణి కొలుస్తూ పూర్తిగా వేరే అలవాట్లున్న రెండు గుంపులు ఒకే చోట కూర్చోవాల్సి వచ్చింది.

మూడో వచనం నిదానంగా చదవండి. పౌలు ఇద్దరికీ ఒకే హెచ్చరిక ఇవ్వడు. తినేవాడితో తిననివాణ్ణి తృణీకరించవద్దు అంటాడు. తిననివాడితో తినేవాడికి తీర్పు తీర్చవద్దు అంటాడు. స్వేచ్ఛ ఉందనుకునేవాడికి వచ్చే శోధన చిన్నచూపు. నియమం పాటించేవాడికి వచ్చే శోధన తీర్పు. ఇప్పుడు మీ గ్రూపులో వచ్చిన ఆ రెండు మెసేజ్‌లు మళ్లీ చూడండి. మొదటిది తీర్పు, రెండోది చిన్నచూపు. అచ్చు గుద్దినట్టు ఉంది.

ఇంకో సంగతి. ఆహారం విషయంలో పౌలుకి స్పష్టమైన అభిప్రాయం ఉంది. సహజంగా ఏదీ నిషిద్ధం కాదని 14వ వచనంలో చెప్పేశాడు. అయినా ఆ మాటతో రెండోవాళ్ల నోరు మూయించలేదు. ప్రతివాడూ తన మనస్సులో రూఢిపరచుకోవాలి అన్నాడు. కాబట్టి మీరు అభిప్రాయం లేనట్టు నటించక్కర్లేదు. మీ అభిప్రాయాన్ని కర్రలా వాడకపోతే చాలు.

గలిలయ_గాలి

బెరయ బ్రదర్, గౌరవంతోనే అడుగుతున్నా. రోమా 14 చూపించి అన్నిటినీ "అభిప్రాయం" అనే సంచిలో వేసేస్తే చివరికి ఏం మిగులుతుంది? ఇవాళ పండుగ, రేపు బాప్తిస్మం, ఎల్లుండి క్రీస్తు దైవత్వం. ఎక్కడ ఆగుతాం?

పైగా అదే పౌలు గలతీయులకు 4:10, 11లో ఏం రాశాడు? మీరు దినాలు, మాసాలు, ఉత్సవ కాలాలు, సంవత్సరాలు ఆచరిస్తున్నారు, మీ విషయంలో నేను పడిన కష్టం వ్యర్థమైపోతుందేమోనని భయంగా ఉంది అన్నాడు. అక్కడ "ఎవరిష్టం వాళ్లది" అనలేదే! ఆ మొదటి బ్రదర్‌ని మొండిమనిషి అని ముద్ర వేసేముందు ఆ వచనం కూడా చూడాలి. ఆయన భయంలో అర్థం ఉంది.

బెరయ_పాఠకుడు

మంచి ప్రశ్న. దాన్ని దాటేసి ముందుకు పోతే రోమా 14 మనకు నిజంగా అర్థం కానట్టే.

ఒకే మనిషి, ఒకే విషయం మీద, రెండు చోట్ల రెండు రకాలుగా ప్రవర్తించడం పౌలులో ఇదొక్కటే కాదు. తిమోతికి సున్నతి చేయించాడు (అపొ. కా. 16:3). తీతుకు మాత్రం వద్దంటే వద్దన్నాడు (గలతీ 2:3–5). తిమోతి విషయంలో, ఆ ప్రాంతపు యూదుల దగ్గరికి వెళ్లడానికి దారి సులువు చేసుకున్నాడు. తీతు విషయంలో కొందరు, ఇది లేకపోతే నీకు పూర్తి చోటు లేదని పట్టుబట్టారు. అప్పుడు గడియసేపు కూడా లొంగలేదు. దినాల సంగతీ అంతే. రోమాలో ఒక విశ్వాసి ప్రభువు కోసమని ఒక రోజును పాటిస్తున్నాడు. గలతీయలో ఆ రోజులు పాటిస్తేనే దేవుని యెదుట నీతిమంతుడివి అని బోధ నడుస్తోంది.

అందుకే నేను అడిగే ప్రశ్న, "ఈ పని చేయాలా వద్దా" అన్నది కాదు. "ఈ పని మీద ఏం ఆధారపడుతోందని చెబుతున్నారు?" అన్నది. క్రిస్మస్ చేయనివాడు అసలు విశ్వాసే కాదు అని ఎవరైనా అంటే అది గలతీయ సమస్య. క్రిస్మస్ చేసేవాడు విశ్వాసి కాదు అన్నా అదే సమస్య. మీ ఇద్దరు బ్రదర్స్ ఆ మాట అన్నారా? మొదటాయన బల్ల దాకా తెచ్చారు కాబట్టి దాదాపు ఆ అంచుకి వచ్చారు. రెండో ఆయన "కృప చాలదనుకునేవాళ్లు" అని ఎదుటివాడి రక్షణ మీదే వేలు పెట్టారు కాబట్టి ఆయనా అక్కడే ఉన్నారు.

కొత్త_ద్రాక్షారసం

నాకు తెలిసిన సూత్రం ఒకటే. ప్రధానమైన వాటిలో ఐక్యత, సందేహాస్పదమైన వాటిలో స్వేచ్ఛ, అన్నిటిలో ప్రేమ. భక్తుడు అగస్టీన్ ఎప్పుడో చెప్పాడు. ఇది పాటిస్తే సరిపోతుంది.

పుటలు_తిప్పేవాడు

ఆ మాట బాగుంటుంది, నాకూ ఇష్టమే. కానీ అగస్టీన్‌ది కాదు. 17వ శతాబ్దంలో, ముప్పై ఏళ్ల యుద్ధం (1618–48) జర్మనీని తగలబెడుతున్న రోజుల్లో, రూపర్టస్ మెల్డేనియస్ అనే కలం పేరుతో ఒక లూథరన్ రాసిన చిన్న పుస్తకం వల్ల వ్యాప్తిలోకి వచ్చింది. క్రైస్తవులే క్రైస్తవుల్ని చంపుకుంటున్న కాలంలో వ్యాపించిన మాట అని గుర్తుపెట్టుకుంటే దాని బరువు ఇంకా పెరుగుతుంది.

అయితే అది తలుపు దాకా తీసుకెళ్లి వదిలేస్తుంది. "ప్రధానమైనవి ఏవి?" అన్నదే కదా అసలు తగువు! పౌలు 1 కొరింథీ 15లో మొదట మీకు అప్పగించాను అంటూ చెప్పినవి ఉన్నాయి: క్రీస్తు మన పాపాల నిమిత్తం చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, మూడో రోజున లేచాడు. క్రీస్తు ఎవరు అన్న దాని మీద క్రీ.శ. 325లో నీకయలో సంఘం అంతా కూర్చుని తేల్చిన మాటలు ఉన్నాయి. గలిలయ_గాలి బ్రదర్ భయపడినట్టు పండుగలో స్వేచ్ఛ ఇస్తే క్రీస్తు దైవత్వంలో కూడా ఇవ్వాల్సి వస్తుందని నేను అనుకోను. సంఘం మొదటి శతాబ్దాల నుంచే ఆ రెండిటినీ వేరువేరుగా చూసింది.

దానికి చక్కటి ఉదాహరణ పండుగ మీదే ఉంది. రెండో శతాబ్దంలో చిన్న ఆసియా సంఘాలు పస్కాను యూదుల నీసాను నెల 14వ తేదీన చేసేవి, అది వారంలో ఏ రోజైనా సరే. రోమా సంఘం మాత్రం ఆదివారమే అనేది. సుమారు 155 ప్రాంతంలో స్ముర్న నుంచి వృద్ధుడైన పాలికార్ప్ రోమాకు వెళ్లాడు, అక్కడి బిషప్ అనికేతస్‌తో మాట్లాడటానికి. ఆయన ఈయన్ని ఒప్పించలేకపోయాడు, ఈయన ఆయన్ని ఒప్పించలేకపోయాడు. పాలికార్ప్ ఏమో ప్రభువు శిష్యుడైన యోహానుతో కలిసి అలా ఆచరించాను అన్నాడు, అనికేతస్ ఏమో నా ముందున్న పెద్దల ఆనవాయితీని వదలలేను అన్నాడు. తర్వాత ఏం జరిగిందో చూడండి. అనికేతస్ తన సొంత సంఘంలో ప్రభువు బల్ల నడిపించే గౌరవాన్ని పాలికార్ప్‌కి ఇచ్చాడు. ఇద్దరూ సమాధానంతోనే ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. తేదీ తేలలేదు.

ఒక తరం గడిచాక, 190 ప్రాంతంలో, రోమా బిషప్ విక్టర్ ఆ ఆసియా సంఘాల్ని సహవాసం నుంచి వెలివేయబోయాడు. ఆయన్ని గట్టిగా మందలించినవాళ్లలో లియోన్ బిషప్ ఇరేనియస్ ఒకడు. గమనించండి, ఇరేనియస్ పాటించింది కూడా ఆదివారమే. తేదీ విషయంలో విక్టర్ పక్షాన ఉండి, వెలివేత విషయంలో విక్టర్‌ని ఎదిరించాడు. మన గ్రూపుల్లో ఇలాంటివాళ్లు కావాలి. "నీ అభిప్రాయమే నాదీ, కానీ నువ్వు ఆయన్ని ఇలా అనడం నేను ఒప్పుకోను" అనగలిగే మనిషి.

నూనె_సిద్దె

అంజూరపు_నీడ తమ్ముడూ, చరిత్ర, వ్యాఖ్యానం అన్నీ బాగున్నాయి. నేను చేయాల్సిన పని గురించి మాట్లాడతాను.

ముందు ఆ వెళ్లిపోయిన సిస్టర్‌కి ఫోన్ చెయ్యి. మెసేజ్ కాదు, ఫోన్. వాదించుకుంటున్న ఇద్దరి చుట్టూ అందరూ మూగుతారు, మౌనంగా వెళ్లిపోయిన మనిషి ఎవరికీ గుర్తురాదు. ఆమె ఎందుకు వెళ్లిందో నీకు తెలియదు. క్రిస్మస్ గురించి అయి ఉండకపోవచ్చు కూడా. తిరిగి రమ్మని బతిమాలకు, విను అంతే.

రెండోది, ఈ విషయం వాట్సాప్‌లో ఇక ఒక్క అక్షరం కూడా నడవకూడదు. టాపిక్ నిషేధం అని అనవద్దు. "ఇది కూర్చుని మాట్లాడాల్సిన విషయం, ఇక్కడ వద్దు" అను. ఫోన్ తెరమీద మనిషి ముఖం కనిపించదు, గొంతులో తడి వినిపించదు. పైగా నలుగురూ చూస్తున్నారంటే వెనక్కి తగ్గడం ఎవరికైనా కష్టమే.

అపొల్లో సంగతి గుర్తుందా, అపొస్తలుల కార్యములు 18లో? మంచి వాగ్ధాటి ఉన్నవాడు, లేఖనాల్లో ప్రవీణుడు, కానీ యోహాను బాప్తిస్మం ఒక్కటే తెలుసు. ప్రిస్కిల్ల, అకుల సమాజమందిరంలో లేచి నిలబడి ఆయన్ని సరిదిద్దలేదు. తమ దగ్గరికి చేర్చుకుని దేవుని మార్గాన్ని ఇంకా పూర్తిగా వివరించారు. అంత పెద్ద బోధకుడు విన్నాడంటే విన్న చోటు కూడా ఒక కారణం అని నా నమ్మకం.

ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టినప్పుడు ఒక పని చేయించు. మొదటాయన చేత రెండో ఆయన నమ్మకాన్ని చెప్పించు. రెండో ఆయన "అవును, నేను అనేది అదే" అనేదాకా చెప్పాలి. "ఆయనకి సరదా కావాలి, అందుకే చేస్తాడు" అంటే కుదరదు. తర్వాత తిరగేసి రెండో ఆయన చేత చెప్పించు. మేము పెద్దల మధ్య వచ్చిన ఒక భేదంలో ఇది చేశాం. నా పక్కన కూర్చున్న పెద్దాయన ఎదుటివారి మాటని మూడుసార్లు తప్పు చెప్పి, నాలుగోసారి సరిగ్గా చెప్పి, చెప్పాక కాసేపు ఆగి, "ఇలా అయితే నేను ఇంత కోప్పడాల్సింది కాదు" అన్నారు. అభిప్రాయం మారలేదు. ఆ రోజు నుంచి ఆ మనిషితో మాట్లాడే తీరు మారింది.

నిశ్శబ్దం_వద్దు

ఇదంతా చదువుతుంటే నాకు ఒక భయం వేస్తోంది, చెప్పక తప్పదు.

నేను ఇంతకుముందు ఉన్న సంఘంలో కానుకల లెక్కలు చూపించమని కొందరం అడిగాం. జవాబు ఏం వచ్చిందో తెలుసా? "సోదరుల మధ్య అభిప్రాయభేదాలు సహజం, ఐక్యతను పాడుచేయకండి" అని. రోమా 14 చదివి వినిపించారు కూడా. మేము బలహీనులం అట, విశ్వాసంలో ఎదగాలట. అడిగినవాళ్లం ఒక్కొక్కరం బయటికి వచ్చేశాం.

పౌలు యెరూషలేము పేదల కోసం చందా తీసుకెళ్లేటప్పుడు 2 కొరింథీ 8:20, 21లో ఏమంటాడు? ఈ డబ్బు విషయంలో మమ్మల్ని ఎవరూ తప్పుపట్టకుండా జాగ్రత్తపడుతున్నాం, ప్రభువు దృష్టిలోనే కాదు మనుషుల దృష్టిలో కూడా. అందుకే తోడుగా సంఘాలు ఎన్నుకున్న మనుషుల్ని తీసుకెళ్లాడు. అపొస్తలుడికే లేని మినహాయింపు ఇంకెవరికి ఉంటుంది?

క్రిస్మస్ చేయాలా వద్దా అన్నది అభిప్రాయం. లెక్క చెప్పకపోవడం, బలహీనుల మీద చెయ్యి వేయడం, అబద్ధం ఆడటం అభిప్రాయాలు కావు. దయచేసి ఈ రెండిటినీ ఒకే గాటన కట్టకండి. ఈ థ్రెడ్ చదివే నాలాంటివాళ్లకి ఇది చాలా ముఖ్యం.

బెరయ_పాఠకుడు

మీరు చెప్పింది ఇక్కడ రావాల్సిన మాట. మీకు జరిగింది అన్యాయం, దానికి రోమా 14 వాడటం ఇంకా పెద్ద అన్యాయం.

లేఖనాల్లో ఈ రెండిటికీ దారులు వేరు. సహోదరుడు తప్పు చేస్తే మత్తయి 18:15–17 ఉంది: ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, తర్వాత సంఘానికి. పెద్దల మీద నేరారోపణ ఉంటే 1 తిమోతి 5:19, 20 ఉంది: ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలి, నిజమని తేలితే అందరి ముందు గద్దింపు. అంటే పెద్దలకి వట్టి పుకార్ల నుంచి రక్షణ ఉంది, జవాబుదారీతనం నుంచి లేదు. అంతియొకయలో పేతురు అన్యజనుల విశ్వాసులతో కలిసి తినడం మానేసినప్పుడు పౌలు అందరి ఎదుట ముఖాముఖిగా నిలదీశాడు (గలతీ 2). అది భోజనాల దగ్గరి చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ సగం సంఘాన్ని రెండో తరగతి మనుషుల్ని చేసే పని. అందుకే చాటుగా పిలిచి చెప్పలేదు.

మీ గ్రూపు విషయంలో మాత్రం, అంజూరపు_నీడ బ్రదర్, ఇద్దరిలో ఎవరూ పాపం చేయలేదు, ఆ రెండు మెసేజ్‌లు తప్ప. కాబట్టి మత్తయి 18 మెట్లు ఎక్కాలంటే ఆ మాటల విషయంలోనే, క్రిస్మస్ విషయంలో కాదు.

అంజూరపు_నీడ

అందరికీ చాలా థాంక్స్. అక్కా, ఆ సిస్టర్‌కి ఫోన్ చేశాను. మీరన్నది నిజమే, ఆమెకి క్రిస్మస్ మీద ఏ అభ్యంతరమూ లేదు. "నేను కొత్తగా వచ్చినదాన్ని. మీరంతా ఇన్నేళ్లు వాక్యం చదివి ఒకరినొకరు ఇలా అనుకుంటుంటే, నేను చదివి ఏమవుతాను అనిపించింది" అన్నారు. నా దగ్గర జవాబు లేకపోయింది. వింటూ ఉండిపోయాను.

ఇద్దరు బ్రదర్స్‌నీ విడివిడిగా కలిశాను, ఈ వారంలో కలిపి కూర్చోబెట్టాలని ఉంది. కానీ రెండు చోట్ల ఇరుక్కున్నాను. ఒకటి, రోమా 14లో బలహీనుడు ఎవరు అన్న దగ్గర ఇద్దరూ నేనే బలవంతుణ్ణి అంటున్నారు. మొదటాయన, నేను లోకంతో రాజీపడలేదు కాబట్టి బలవంతుణ్ణి అంటారు. రెండో ఆయన, నాకు స్వేచ్ఛ ఉంది కాబట్టి నేను బలవంతుణ్ణి అంటారు. రెండు, బల్ల విషయం. మనస్సాక్షి ఒప్పుకోదన్న మనిషిని రమ్మని బలవంతం చేయలేను కదా.

గలిలయ_గాలి

బల్ల విషయంలో నా మాట కఠినంగా ఉంటే క్షమించండి. కొన్నిసార్లు విడిపోవడమే మంచిది. పౌలు, బర్నబా అంతటివాళ్లే మార్కు విషయంలో తీవ్రంగా వాదించుకుని విడిపోయారు (అపొ. కా. 15:39). రెండు బృందాలయ్యారు, రెండు దిక్కుల సువార్త వెళ్లింది. నకిలీ సమాధానం కంటే అది నయం.

పుటలు_తిప్పేవాడు

విడిపోయారు నిజమే, కానీ ఏ విషయంలో విడిపోయారో చూడాలి. ప్రయాణంలో ఎవర్ని తోడు తీసుకెళ్లాలి అన్న విషయంలో. ఒకరినొకరు సహోదరుడు కాదనుకోలేదు. ఆ తర్వాత రాసిన 1 కొరింథీ 9:6లో పౌలు తన జీవనోపాధి గురించి చెబుతూ "నేనును బర్నబాయు" అని జత చేసి రాశాడు. మార్కు సంగతి ఇంకా బాగుంటుంది. కొలొస్సయి 4:10లో వస్తే చేర్చుకోండి అంటాడు. చెరసాలలో చివరి రోజుల్లో రాసిన 2 తిమోతి 4:11లో అతణ్ణి వెంటబెట్టుకుని రా, నాకు పరిచర్యలో పనికొస్తాడు అంటాడు. పని విడివిడిగా చేసుకోవడం ఒకటి, బల్ల విడగొట్టుకోవడం ఇంకొకటి.

బల్ల దగ్గర తెగిపోతే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. 1529 అక్టోబరులో జర్మనీలోని మార్బర్గ్ కోటలో సంఘ సంస్కర్తలు లూథర్, జ్వింగ్లీ కలిశారు. మొత్తం పదిహేను అంశాలు రాసుకుంటే పద్నాలుగింటిలో ఒక్కమాట అయ్యారు. పదిహేనోది ప్రభురాత్రి భోజనం, అందులోనూ చాలావరకు కలిశారు. రొట్టె ద్రాక్షారసాల్లో క్రీస్తు శరీరం, రక్తం నిజంగా ఉంటాయా అన్న ఒక్క దగ్గర ఆగిపోయింది. లూథర్ "ఇది నా శరీరము" అన్న మాటని సుద్దముక్కతో బల్లమీద రాసి దాని మీద గుడ్డ కప్పి ఉంచాడు, వాదన మధ్యలో ఆ గుడ్డ తీసి చూపించాడు. జ్వింగ్లీ కన్నీళ్లతో సహవాసం కోరినట్టు, లూథర్ ఒప్పుకోనట్టు అక్కడున్నవాళ్ల రాతల్లో ఉంది. ఆ చీలిక శతాబ్దాలు నిలిచింది. లూథర్‌కి అది చిన్న విషయం కాదని నాకు తెలుసు, బల్ల గురించిన ప్రశ్నే బల్లను విడగొట్టింది. మీ దగ్గర ఆ ప్రశ్న కూడా లేదు. బల్ల మీద ఇద్దరిదీ ఒకే నమ్మకం. డిసెంబరులో ఒక రోజు గురించిన భేదాన్ని ఏడాది పొడవునా ఉండే బల్ల దగ్గరికి ఎందుకు తీసుకురావాలి?

ఇంగ్లండ్ బోధకులు జాన్ వెస్లీ, జార్జ్ వైట్‌ఫీల్డ్ సంగతి కూడా ఆ బ్రదర్స్‌కి చెప్పండి. దేవుని ఏర్పాటు (రక్షణకు ఎవర్ని దేవుడు ముందే ఎన్నుకున్నాడు అన్న ప్రశ్న) మీద 1739 నుంచి 1741 దాకా బాహాటంగా, ముద్రించి మరీ ఖండించుకున్నారు. వాళ్ల ఉద్యమం రెండుగా చీలింది. అభిప్రాయం ఎవరూ మార్చుకోలేదు. కానీ రాకపోకలు మళ్లీ మొదలయ్యాయి. వైట్‌ఫీల్డ్ 1770 సెప్టెంబరు 30న చనిపోయినప్పుడు, ఆయన కోరిక ప్రకారం లండన్‌లో సంస్మరణ ప్రసంగం చేసింది వెస్లీ.

నూనె_సిద్దె

బలవంతుడు ఎవరు అన్న దానికి నా జవాబు చిన్నది తమ్ముడూ. రోమా 15:1 చూపించు. బలవంతులమైన మనం బలహీనుల బలహీనతల్ని భరించడానికి బద్ధులం అని ఉంది. ఇద్దరూ బలవంతులే అంటున్నారు కదా, మంచిది. అయితే భరించాల్సిన బాధ్యత కూడా ఇద్దరిదీ. బలవంతుడనే పేరు కావాలి, బరువు వద్దు అంటే కుదరదు. ఆ మాట ఇద్దరి ముందూ పెట్టి, "మీరు ఎదుటివారి కోసం ఏం భరిస్తారు?" అని అడుగు. "క్రిస్మస్ సరైనదేనా?" అని అడగవద్దు.

మొదటాయన్ని ఇంకొకటి విడిగా అడుగు. మనస్సాక్షి ఒప్పుకోనిది ఏది? క్రిస్మస్ ఆరాధనకి రావడమా, క్రిస్మస్ చేసే మనిషి పక్కన కూర్చోవడమా? ఆ రెండూ ఒకటి కావు. మొదటిది ఆయన హక్కు, ఎవరూ ఒత్తిడి చేయకూడదు. రెండోదైతే ఎదుటివాడి మనస్సాక్షికి కూడా తానే యజమాని అయినట్టు. పరుని సేవకుడికి తీర్పు తీర్చడానికి నీవెవడవు అని అందుకే అన్నాడు పౌలు.

అంజూరపు_నీడ

కలిశాం. రాత్రి చాలాసేపు కూర్చున్నాం.

అక్క చెప్పిన పని చేయించాను. రెండో బ్రదర్ మొదట "ఆయనకి ఆనందం అంటేనే అనుమానం" అన్నారు. మొదటాయన కాదని తల అడ్డంగా ఊపారు. మళ్లీ ప్రయత్నించారు. చివరికి "మనిషి కల్పించినది దేవుని పేరుతో చెలామణి అవుతుందేమోనని ఆయన భయం" అన్నారు. "అదే" అన్నారు మొదటాయన. మొదటాయన వంతు వచ్చినప్పుడు ఆలస్యం కాలేదు, ఒక్కసారికే చెప్పారు, "దేవుడు మన మధ్యకి వచ్చాడన్న సంగతి గట్టిగా చెప్పుకోకపోతే మరిచిపోతామని ఆయన భయం" అని. ఇద్దరి భయం కూడా దేవుణ్ణి గురించినదే అని అప్పుడు గదిలో అందరికీ కనిపించింది.

మొదటాయన క్రిస్మస్ ఆరాధనకి రారు. దాని గురించి ఎవరూ ఆయన్ని అడగరు, ఆయన కూడా వెళ్లేవాళ్లని ఏమీ అనరు. ప్రతి నెలా జరిగే బల్లలో మాత్రం ఉంటానన్నారు. రెండు రోజులు ఆలోచించాక చెప్పిన మాట అది, ఒత్తిడికి అన్న మాట కాదు. రెండో బ్రదర్ తన మెసేజ్ తీసేశారు, గ్రూపులో క్షమాపణ పెట్టారు. ఏర్పాట్ల విషయంలో ఏమీ తగ్గించుకోనని కూడా స్పష్టంగా చెప్పారు. అది ఆయన హక్కే. ఇద్దరి మధ్య చనువు మునుపటిలా లేదు, ఇంకా సమయం పడుతుంది. ఆ సిస్టర్ ఇంకా రాలేదు. వారానికోసారి మాట్లాడుతున్నాను.

ఇప్పుడు ఒక కొత్త చిక్కు వచ్చింది. మొదటాయన పిల్లలు మా పిల్లల క్లాసుకి వస్తారు. డిసెంబరులో అక్కడ పాఠాలన్నీ యేసు పుట్టుక మీదే. వాళ్లని ఆ నెల పంపవద్దని చెప్పాలా, లేక పాఠం మార్చాలా?

నూనె_సిద్దె

రెండూ వద్దు. ముందు ఆ తల్లిదండ్రుల్నే అడుగు. యేసు పుట్టిన సంగతి లూకా 2లో ఉంది, ఆ అధ్యాయం చదవడానికి ఆ బ్రదర్‌కి అభ్యంతరం ఉంటుందని నేను అనుకోను. అభ్యంతరం పండుగకే కదా. పాఠం లూకా ప్రకారం చెప్పండి, అలంకరణలు, కార్యక్రమం వేరే రోజు పెట్టుకోండి, ఆ పిల్లలు ఆ రోజు రాకపోతే ఎందుకు రాలేదని అడగకండి.

క్లాసు తీసుకునేవాళ్లకి ఒక మాట గట్టిగా చెప్పు. ఆ పిల్లల్లో ఎవరైనా "మా ఇంట్లో క్రిస్మస్ ఎందుకు చేయరు?" అని అడిగితే, "మీ నాన్నగారు యేసుని ప్రేమిస్తారు కాబట్టి ఆ నిర్ణయం తీసుకున్నారు, ఇంటికెళ్లి ఆయన్నే అడుగు" అనాలి. వేరే పిల్లలు వచ్చి "మేము ఎందుకు చేస్తాం?" అని అడిగినా అదే తీరులో చెప్పాలి.

గలిలయ_గాలి

అక్క చెప్పింది సరిగ్గా ఉంది. ఒకటి కలుపుతాను. ఆ జవాబు క్లాసులో చెప్పడానికి ముందే మొదటి బ్రదర్‌కి చూపించండి. తన పిల్లలతో తన గురించి ఏం చెప్పబోతున్నారో ఆయనకి ముందే తెలిస్తే, డిసెంబరు వచ్చేసరికి ఆయన కూడా టెన్షన్ లేకుండా ఉంటారు.